విరిగిన పాల నీళ్లు

"ఇంక నేను పోలేనత్తా. రేపు పొద్దున బడికి పోయి చీటీ ఇచ్చేసి వచ్చేస్తా. అంతే."

"ఏమని రాసినావు చీటీలో?"

"ఇంటి ఇబ్బందులని."

"ఇంట్లో ఏం ఇబ్బందొచ్చింది మ్మే నీకు? వండేది నేను. పిల్లకు జడ వేసేది నేను. నువ్వొచ్చేలోపల దీపం పెట్టేది నేను. నా మీద రాస్తాండావా చీటీ?"

"నీ మీద కాదత్తా. కడుపని రాయమంటావా? టీచర్లందరూ చదువుకుని నవ్వుకోరా?"

"నవ్వితే నవ్వనీ. నవ్వుతారని ఉద్యోగం మానుకుంటారా ఎవరన్నా?"

"నీకేం, చెప్తావు. బస్సులో పానం బిగబట్టుకుని కూచునేది నేను కదా!"

"డాక్టరమ్మ చెప్పినట్టు పాలు మానితివి. పెరుగు మానితివి. ఇంకో పదైదు దినాలు ఓపిక పట్టు."

"మానినా కదా! మానినా తగ్గలేదు కదా! పాలు కాదంట. కర్నూలు పోయి పేగుల్లో గొట్టమేసి చూపించుకోవాలంట. ఆ ఉద్యోగమూ వద్దు, ఆ గొట్టమూ వద్దు. ఇంట్లో ఉంటే ఏదో ఒకటి, గోడ పట్టుకుని పోతా వస్తా ఉంటా."

చేతిలో ఉన్న నోటు పుస్తకం గట్టు మీద పడేసి, ఉతికిన బట్టలు తేవడానికి మిద్దె మీదికి వెళ్లిపోయింది.

ఇది ఆదివారం సాయంత్రం ఆళ్లగడ్డలో మా వంటింట్లో జరిగింది. ఆమె నా కోడలు. నంద్యాలలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. పోను ఒక గంట, రాను ఒక గంట బస్సులోనే. పెళ్లయిన పదకొండేళ్లకు, కూతురికి పదేళ్లు వచ్చాక దొరికిన ఉద్యోగం అది. మా వాడు అంగడి చూసుకుంటాడు. "దినమూ అంత దూరం ఎందుకులేమా, ఇంటి పట్టున ఉండనీ" అన్నాడు మొదట. పోవాల్సిందేనని పట్టుబట్టింది నేను. నేను నాలుగో తరగతిలో పలక పక్కన పెట్టినదాన్ని. ఈమె బేతంచెర్లలో పుట్టి, ఇంటి ముందర బండలు కోసే మిషన్ల మోతలో కూచుని చదువుకుని డిగ్రీ తెచ్చుకుంది. ఆ చదువు మా అంగట్లో పప్పులు పొట్లం కట్టడానికి కాదు.

ఉద్యోగంలో చేరిన వారం నుంచే ఆమెకు కడుపు బాధ మొదలైంది. పొద్దున బస్సెక్కేటప్పుడు బాగానే ఉండేది. పావుగంట పోతే కడుపులో గుడగుడ, ఉబ్బరం, మెలిపెట్టినట్టు నొప్పి. శిరివెళ్ల వచ్చేసరికి చెమటలు. ఎట్లాగో నంద్యాల చేరి, బడికి పరిగెత్తి, మొదటి గంట పాఠానికి ఆలస్యంగా పోయేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామూలుగా ఉండేది. సెలవు రోజుల్లో ఏ బాధా లేదు. ఇది చూసినవాళ్లు ఎవరైనా ఏమనుకుంటారు? ఉద్యోగమంటే భయమనుకుంటారు. మందుల అంగడిలో అమీబా అని మాత్రలిచ్చారు. ఇంకొకరు గ్యాసన్నారు. తెలిసిన డాక్టరొకాయన ఆలోచనలు తగ్గించుకోమన్నాడు. నేనూ భయమే అనుకున్నాను. పైకి అనలేదు గానీ, ఒళ్లు వంగని బద్ధకమేమో అని కూడా ఒకటి రెండుసార్లు లోపల అనుకున్నాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, అనుకున్నమాట నిజం.

అందరూ మరిచిపోయిన సంగతి ఇంకొకటుంది. ఉద్యోగంలో చేరిన వారం నుంచే నేను ఆమెకు పొద్దున్నే పెద్ద గ్లాసుడు పాలు ఇవ్వడం మొదలుపెట్టాను. అంతకుముందు ఆమె టీలో పడే చుక్క పాలు తప్ప తాగి ఎరగదు. సెలవు రోజున ఆ గ్లాసు పిల్లకు పోయేది.

నేను కాపురానికి వచ్చిన ఇంట్లో పాలు మగవాళ్లకు, చిన్నపిల్లలకు. మాకు మజ్జిగ. అదీ పలచన. అది తప్పని నాకప్పుడు తోచలేదు. కానీ నా ఇంటికి కోడలు వచ్చి, ఆమె పొద్దున్నే డబ్బా సర్దుకుని ఉద్యోగానికి బయలుదేరుతుంటే, చిక్కటి బర్రె పాలు కాచి, చక్కెర వేసి, పొగలు పోతుండగా చేతికివ్వాలని అనిపించింది. మాటలతో ముద్దు చేయడం నాకు రాదు. ఆ గ్లాసే నా ముద్దు.

ఒకసారి ఆమె అంది కూడా. "పాలు నాకు సరిపడవేమో అత్తా."

"పాలు సరిపడకపోయేదేందీ? పుట్టినప్పుడు తాగినవే కదా. తాగు బేగా, బస్సు పోతుంది."

తాగేదాకా నిలబడి, గ్లాసు చేతికి తీసుకుని లోపలికి పోయాను.

బడిలో తోటి టీచరమ్మ ఎవరో నంద్యాలలో ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది. మా వాడికి అంగడి వదిలి రావడానికి కుదరక నేను వెంట బయలుదేరాను. ఆ పొద్దున కూడా పాలిచ్చాను. బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను ఇవతల. ఊరు దాటి, విగ్రహాలు చెక్కే కొట్టాలు దాటి కొంత దూరం పోయామో లేదో, ఆమె నా మణికట్టు పట్టుకుంది. చేయి చల్లగా ఉంది. మొహం చూస్తే రంగు లేదు.

"అత్తా, శిరివెళ్లలో దిగుదాం."

శిరివెళ్లలో లేచి నిలబడితే కండక్టరు, "నంద్యాలకు టికెట్ తీసుకుని ఈడ దిగేదేందమ్మా? మీకోసరం బస్సు ఆపుకుని కూచోవాల్నా?" అన్నాడు.

"నిన్ను ఆగమని ఎవరడిగినారు? పోనీ నీ బస్సు. నీ ఇంట్లో ఆడోళ్లు లేరా?" అన్నాను నేను.

ఆమె అప్పటికే దిగి రోడ్డు పక్క ఇంటికి పోయి, వాకిట్లో చాటలో బియ్యం ఏరుకుంటున్న ఒకామెతో ఏదో చెబుతోంది. ఆ ఇల్లాలు ఒక్క ప్రశ్న అడగలేదు. చాట పక్కన పెట్టి, బకెట్టుతో నీళ్లు తెచ్చి, పెరట్లోకి దారి చూపించింది. నేను పోయేసరికి నాకూ ఒక స్టూలు వేసింది.

"నీ కోడలా అవ్వా? ఈ నెలలో ఈ పిల్ల మా ఇంటికి రావడం నాలుగోసారి" అంది.

చదువుకున్న పిల్ల, నలభైమందికి పాఠం చెప్పే పిల్ల, ముక్కూ మొహం తెలియని ఇళ్ల ముందర నిలబడి పెరడు అడుగుతోంది. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. చెబితే నేనేమంటానో ఆమెకు తెలుసు.

డాక్టరమ్మ చిన్న వయసే. తొందరపడకుండా అడిగింది. రక్తం పడుతోందా, బరువు తగ్గావా, రాత్రుళ్లు నిద్రలో లేస్తున్నావా. లేదు, లేదు, లేదు. "ఈ పొద్దున ఏం తీసుకున్నావు?"

"గ్లాసు పాలు" అంది కోడలు.

"దినమూనా?"

"దినమూ ఇస్తానమ్మా, ఎత్తగొట్టకుండా" అన్నాను నేను గొప్పగా.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "పాలల్లో ఒక రకం చక్కెర ఉంటుందవ్వా. దాన్ని అరిగించే సరుకు చిన్నపిల్లల పేగుల్లో బాగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ చానామందికి అది తగ్గిపోతుంది. అప్పుడు ఆ చక్కెర అరగకుండా కిందికి పోయి, అక్కడ పులిసి, ఇదంతా చేస్తుంది. లాక్టోజ్ ఇంటాలరెన్స్ అంటాం. పెద్ద రోగమేమీ కాదు, ఒంటి తీరు."

"ముప్పై నాలుగేళ్లుగా లేంది ఇప్పుడెట్లా వస్తుందమ్మా?"

"నీకు ముప్పై నాలుగేళ్లప్పుడు ఉన్న పండ్లు ఇప్పుడన్నీ ఉండాయా అవ్వా?"

నాకు ముందరి పండ్లు రెండు లేవు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కోడలు ఆ నొప్పిలోనూ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది.

గొట్టంలోకి ఊపిరి ఊది కనిపెట్టే పరీక్ష పెద్ద ఊళ్లలో ఉందట. ముందు ఇంట్లోనే చూద్దామంది డాక్టరమ్మ. రెండు వారాలు పాలు, టీ, పెరుగు, మజ్జిగ, కోవా, పాలతో చేసినదేదీ ముట్టకూడదు. ఎట్లా ఉందో దినమూ రాసి పెట్టుకోవాలి. బాధ మొత్తం పోతే, ఒక సెలవు రోజున గ్లాసు పాలు తాగి చూడాలి. మళ్లీ వస్తే తేలిపోయినట్టే. పెరుగు, మజ్జిగ చానామందికి సరిపడతాయి, అవి తర్వాత కొంచెం కొంచెంగా మొదలుపెట్టుకోవచ్చు. మానినా బాధ పోకపోతే మాత్రం ఇంకేదో ఉన్నట్టు, వెతకాలి.

సోమవారం నుంచి మొదలుపెట్టాం. నేను మాట మీద నిలబడే మనిషిని. ఆమె గ్లాసు కడిగి బోర్లించాను. టీకి బదులు శొంఠి కషాయం. పాలగిన్నెలో పెట్టిన గరిటె ఆమె కూరలో పెట్టలేదు.

కానీ పాలు మిగిలిపోయాయి. పాలు పోసే ఆమెది నెల వాడుక. నెల మధ్యలో సగమే పొయ్యమంటే, ఆమె ఆ మిగతా పాలు యాడికి తీసుకుపోతుంది? ఒకటో తారీకు దాకా చూద్దామనుకున్నాను. రెండు దినాల పాలు చేరేసరికి గిన్నె నిండేది. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే నిమ్మకాయ పిండి విరిచేసేదాన్ని. విరుగుడు ముద్ద గుడ్డలో కట్టి, బరువు పెట్టి, పిల్ల డబ్బాలోకి వేపుడు చేసేదాన్ని. పిల్ల దాన్ని పనీర్ అని ఎగిరి గంతేసేది.

ముద్ద పోగా గిన్నెలో పచ్చటి నీళ్లు మిగులుతాయి. అవి నేను పుట్టినప్పటి నుంచి పారబోసి ఎరగను. మా అమ్మ పారబొయ్యలేదు. బలముంటుందని వాటితో పిండి కలుపుతాం, రాగి అంబలి కాస్తాం. పాలు మానేసి కోడలు నీరసపడిపోతోందని, ఆ మూడు దినాలూ ఆ నీళ్లతోనే అంబలి కాచి పెద్ద గ్లాసులో ఇచ్చాను. మిగతా దినాల్లో మామూలు నీళ్లతో కాచేదాన్ని. ఒక్కసారి మాత్రం అనుమానం వచ్చింది ఆమెకు.

"పుల్లగుందేందత్తా? మజ్జిగ పోసినావా?"

"మజ్జిగ ఎందుకు పోస్తా? నిమ్మకాయ పిండినాలే."

పాలు వేరు, పాలు విరిగితే వచ్చే నీళ్లు వేరు. అవి నా లెక్కలో నీళ్లే. దొంగతనంగా చేసింది కాదు. అందుకే ఎవరికీ చెప్పాలని కూడా తోచలేదు.

రెండో శనివారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చింది. కొన్ని దినాలు బాగుంది, కొన్ని దినాలు ఎప్పటి మాదిరే ఉందని చెప్పిందట. అయితే ఒక్క పాల వల్ల కాదేమో, కర్నూలు పోయి గొట్టమేయించి చూపించుకుందువు అందట డాక్టరమ్మ. నా వంటింట్లో ఏం ఉడుకుతోందో ఆమెకెట్లా తెలుస్తుంది? కోడలు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మరుసటి దినం సాయంత్రానికి చీటీ రాసేసింది. అప్పుడు జరిగిందే మొదట చెప్పిన గొడవ.

ఆమె మిద్దె మీదికి పోయాక నేను గట్టు మీది నోటు పుస్తకం తీశాను. నాకు చదవడం అక్షరం అక్షరం కూడబలుక్కుంటేగాని రాదు. వేలు పెట్టి చదువుతున్నాను. సోమవారం, బాగుంది. మంగళవారం, శిరివెళ్లలో దిగాను. బుధవారం, బాగుంది. గురువారం, ఉబ్బరం, బడిలో రెండుసార్లు. పిల్ల పక్కనొచ్చి నిలబడింది.

"అవ్వా, రేపు డబ్బాలో పనీరా?"

"రేపు కాదు, మంగళవారం చేస్తాలే."

అన్నాను గానీ, నా వేలు కాగితం మీద మంగళవారం దగ్గరే ఉంది. కింద గురువారం. ఆ కింద శనివారం. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి చూశాను. ఫ్రిజ్ తలుపు తీశాను. శనివారం విరిచిన నీళ్లు సగం గిన్నె అందులోనే ఉన్నాయి, ఈసారి ఎక్కువై మిగిలితే సోమవారం అంబలికని దాచి పెట్టినవి.

చెప్పకుండా ఆ నీళ్లు ఒంపేసి, రేపటి నుంచి మామూలు నీళ్లతో కాస్తే, ఆమెకు తనంతట తానే తగ్గిపోతుంది. ఎవరికీ తెలియదు. కానీ చీటీ రేపు పొద్దున పోతుంది. ఒకసారి పోతే ఆ ఉద్యోగం మళ్లీ రాదు.

"మ్మే, ఇట్ల రా కిందికి" అని కేక వేశాను.

బట్టల మోపుతో దిగి వచ్చింది. మొహం ఇంకా గంటుగానే ఉంది.

"నీ అంబలి నేను ఉత్త నీళ్లతో కాయలేదు."

"మరి?"

"పాలు విరిచిన నీళ్లతో కాచినా. మూడు దినాలు. వారానికి మూడు దినాలు."

బట్టలు అట్లాగే పట్టుకుని నిలబడింది. "పుల్లగుందేందని అడిగినా కదత్తా నిన్ను. నిమ్మకాయ పిండినా అంటివి."

"పిండినా. పాలల్లో పిండినా."

బట్టలు కిందపడ్డాయి. ఆమె బండల మీద కూలబడి కూచుంది. "పదైదు దినాలత్తా. పదైదు దినాలు టీ చుక్క లేకుండా ఉంటి. పేగుల్లో ఏం పుట్టిందోనని రాత్రి నిద్ర ల్యా నాకు."

అప్పుడే అంగడి మూసి వచ్చిన మా వాడు గడపలోనే విన్నాడు.

"ఏం మా, పారబొయ్యలేక నా పెండ్లాం కడుపులో పోసినావా?" అని నవ్వాడు.

"నువ్వు గమ్మునుండు" అని మేమిద్దరం ఒక్కసారే అన్నాం.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నోటు పుస్తకం తీసుకుంది. పిల్ల పెన్సిలు అడిగి తీసుకుని గీతలు గీసింది. ఒక వరుసలో దినాలు, ఒక వరుసలో నేను పాలు విరిచినవి, ఒక వరుసలో తన కడుపు. లెక్కల టీచరు కదా. పెన్సిలు ఒకచోట ఆగింది.

"ఇది కలవలేదత్తా. రెండో గురువారం నువ్వు పాలు విరిచినావు, నాకు బాగుంది."

నేను గుర్తు చేసుకున్నాను. "ఆ దినం కరెంటు పోయి గడియారం చూసుకోక, బస్సు పోతాందని అంబలి తాగకుండానే పరిగెత్తితివి. ఆ గ్లాసుడు నేనే తాగినా."

ఆమె ఆ గడిలో సున్న చుట్టింది. ఇంకా అయిదు గళ్లున్నాయి. అయిదూ కలిశాయి. విరిచిన నీళ్లు లేని దినాల్లో ఒక్క దినం కూడా బాధ లేదు. పాలు విరిగినా డాక్టరమ్మ చెప్పిన ఆ చక్కెర నీళ్లలోనే ఉండిపోతుందన్నమాట. నేను తెలియక చేసిన పనే డాక్టరమ్మ చెప్పిన పరీక్ష అయి కూచుంది, అదీ అయిదుసార్లు. ఆమె పెన్సిలు కింద పెట్టింది.

"నీకేం కాలేదా ఆ గురువారం?" అని అడిగింది, తల ఎత్తకుండా.

అప్పుడాలోచించాను. ఆ మధ్యాహ్నమంతా కడుపు ఉబ్బరంగా ఉంటే వాము నమిలి పడుకున్నాను. వయసు మీద పడిందనుకున్నాను. పాలు తాగే అలవాటే లేని మనిషిని, నాకు సరిపడుతుందో లేదో ఎవరు చూశారు?

"కొంచెం అయింది" అన్నాను.

ఆమె నవ్వలేదు. బట్టలు ఏరుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి నాతో ఇంకేం మాట్లాడలేదు. చీటీ బ్యాగులోనే ఉంది. ఉంచిందో మరిచిందో నేనడగలేదు.

పొద్దున్నే లేచి, ఫ్రిజ్‌లోని సగం గిన్నె తీసి కరేపాకు చెట్టుకు పోశాను. రాగి పిండి కలిపేటప్పుడు ఆమె వచ్చి పక్కన నిలబడింది. బిందెలో నీళ్లు ఆమె కళ్ల ముందరే ముంచి పోసి కాచాను. ఉప్పు వేసి ఇచ్చాను. ఒక గుక్క తాగి ఆగింది.

"పుల్లగా ల్యా" అంది. మిగతాది తాగింది.

బ్యాగు తగిలించుకుని బస్సుకు పోయింది. పాలు పోసే ఆమె వస్తే ఒకటో తారీకు నుంచి సగమే చాలని ముందుగా చెప్పాను. తొమ్మిది కావస్తుండగా ఫోను మోగింది.

"అత్తా, బడికొచ్చినా."

"శిరివెళ్లలో?"

"దిగలేదు. కిటికీలోంచి ఆ ఇంటామె కనిపిస్తే చెయ్యి ఊపినా. చీటీ చింపేసినా. గంట కొడతాండారు, పెట్టేస్తా."

పెట్టేసింది. నేను ఆమె గ్లాసు కడిగి బోర్లించి, పిల్లకు జడ వేయడానికి కూచున్నాను.